ఉతకని చొక్కా

పొద్దస్తమానం చేసిన పని చప్పుడంతా చొక్కాలో చేరుతుంది. ఇంటికొచ్చి విప్పి దులిపితే ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. పక్కింటి కండక్టరు చొక్కా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచి అరిచి చిన్నపిల్లల్ని నిద్ర లేపేది. అందుకే ఒద్దికైన ఇల్లాలు దులిపేదాకా రానివ్వదు. గుమ్మంలోనే విప్పించి బకెట్లో ముంచేస్తుంది. మోతంతా నురగతో పాటే తూములోకి పోతుంది.

ఆ వీధిలో గిటారాయన భార్య ఉతుకంటే ఉతుకే. ఆమె ఆరేసిన బట్టల్లో చిన్న ఈల కూడా మిగిలేది కాదు. ఆ మాట నలుగురూ అంటే తలొంచుకుని మురిసిపోయేది.

గిటారాయన ఎన్నో పాటలకి వాయించాడు. పాడినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. గిటారు ఎవరిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు రెండు బిగుసుకుపోయాయి. స్టూడియోవాళ్లు పిలవడం మానేశారు. గిటారు మంచం కింద, ఆయన మంచం మీద.

ఒక ఉదయం ఫ్లూటాయన వచ్చి కబురు చెప్పాడు. వాద్యకారుల సంఘంవాళ్లు పాత పాటలు మళ్లీ విడుదల చేస్తున్నారట. ఈసారి వాయించినవాళ్ల పేర్లు కూడా వేస్తారట. ఆనాటి చొక్కా ఉంటే రుజువుగా తెమ్మన్నారట. రేపే ఆఖరు.

"రైలు పాట గిటారు తనదేనని సంగీత దర్శకుడి బావమరిది ఉత్తరం పట్టుకొచ్చాడయ్యా" అని కూడా చెప్పి వెళ్లాడు.

గిటారాయన భార్య వైపు తిరిగాడు. "ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు కదే."

"మాసిన బట్టలు దాచుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ముందే ఒక మాట చెప్పొచ్చుగా!"

"ఏనాడైనా చొక్కాతో గుమ్మం దాటనిచ్చావా?"

ఆమె తన చేతులకేసి చూసుకుంది. అన్నేళ్ల ఆయన కష్టాన్ని తన చేత్తోనే తూములో పోసింది. సబ్బుకి పగిలిన ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు. "రైలు పాట రోజు చొక్కా మా అక్క ఇంట్లో వదిలేసి, బావ చొక్కా వేసుకొచ్చాను."

ఆమె గుండెలో దీపం వెలిగింది. వెంటనే సిగ్గూ ముంచుకొచ్చింది. వదిన బద్ధకం గురించి ఆమె అనని మాట లేదు. 'వదిన ఇంట్లో సబ్బు ముసలిదైపోతుంది గానీ అరగదు' అని వీధి వీధంతా నవ్వించింది.

వదిన తలుపు తీసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "రావమ్మా రా. మా గడప తొక్కితే నీకు మురికంటుకోదూ?"

"తప్పయిపోయింది వదినా. మీ తమ్ముడి చొక్కా..."

"అటక మీదుంది. ఉతుకుదాం ఉతుకుదాం అనుకుంటూనే ఉన్నా. రేపో మాపో ఉతికేదాన్నే సుమా!" అని వదిన నిచ్చెనెక్కింది. "నా బద్ధకం ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందన్నమాట!"

ఉండచుట్టిన చొక్కాని గాలి తగలకుండా గుండెలకి అదుముకుని, మర్నాడు ఆమె ఒక్కతే సంఘం ఆఫీసుకి వెళ్లింది. బావమరిది అప్పటికే గుమాస్తా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

గుమాస్తా చొక్కా విప్పి దులిపాడు.

తీగలు సవరించిన చప్పుడు. ఎవరిదో దగ్గు. తర్వాత ఒక పెద్ద గొంతు: "ఏయ్ గిటారూ, నిన్నే! మొదలెట్టు."

"మా బావ గొంతే అది. పిలిచింది నన్నే" అన్నాడు బావమరిది.

పాట మొదలైంది. చివరిదాకా మోగి ఆగింది.

"గిటారుంది. ఎవరి గిటారో లేదు" అన్నాడు గుమాస్తా. ఉత్తరం దగ్గరకి లాక్కున్నాడు. ఆమె ఏదో అనబోయింది.

చొక్కా ఇంకా అయిపోలేదు. గిటారు పెట్టె మూసిన చప్పుడయింది. అలసిపోయిన కుర్రగొంతు ఒకటి ఎవరితోనో అంటోంది: "ఇంటికెళితే మా ఆవిడ గుమ్మంలోనే నానబెట్టేస్తుందయ్యా. ఇవాళ బాగా కుదిరింది. ఇదొక్కటైనా తనకి వినిపించాలి. మా అక్క ఇంట్లో పడేసి వెళతాను. అక్కడైతే ఉతకరు. ఎప్పుడో మంచి రోజు చూసి తెచ్చుకుంటా."

అంతే. చొక్కా మూగబోయింది.

గుమాస్తా బావమరిది వైపు చూశాడు. "ఏమండీ, మీ అక్కగారింట్లో బట్టలు ఉతకరా?"

బావమరిది ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు.

"మరి గుమ్మంలోనే నానబెట్టే ఆవిడ ఎవరమ్మా?"

"నేనే" అంది ఆమె నేలచూపులు చూస్తూ.

గుమాస్తా ఆమె భర్త పేరు అడిగి రాసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గిటారాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె తల ఊపింది. పేరు ఎక్కిందని ఆయనకి అర్థమైంది. కానీ ఆయన కళ్లు ఆమె చేతిలోని చొక్కా మీదే ఉన్నాయి. మోగేసిన చొక్కా మళ్లీ మోగదు.

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది?"

సంగీతం గురించి ఏం చెప్పాలో ఆమెకేం తెలుసు?

"రెండో చరణానికి ముందు మీరొక్కరే వాయిస్తారే, అక్కడ ఆ గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడండీ."

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు. అది అయ్యేదాకా మళ్లీ తియ్యలేదు."

ఆయన గుమ్మంలోనే మెల్లగా కూలబడ్డాడు. బిగుసుకున్న వేళ్లని ఒళ్లో పెట్టుకుని, ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు.