వారానికో వరస

స్టాఫ్ మీటింగుకి బస్సు వాళ్లని పిలవడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. నేను స్కూలు బస్సులో ఆయాని. పిల్లల్ని ఎక్కించడం, దించడం, వాంతులు తుడవడం, కిటికీలోంచి చేతులు బయట పెట్టినవాళ్లని కసరడం నా పని. మీటింగులూ టీచర్లకే, మీటింగులో బిస్కెట్లూ టీచర్లకే. మాకు మెట్ల మీద ఎండ. అందుకే పెద్ద మేడం స్వయంగా బస్సు దగ్గరికి వచ్చి "మీరూ రావాలి" అన్నప్పుడు, ఏదో తప్పు చేసి ఉంటామనే అనుకున్నాను. బస్సు నడిపేవాడు నాకు వరసకి తమ్ముడు. "ఎవర్ని తిట్టావో గుర్తు తెచ్చుకో అక్కా, వెళ్లగానే క్షమాపణ చెప్పేద్దాం" అన్నాడు. నా నోటి మీద వాడికి అంత నమ్మకం.

తీరా వెళ్తే మాకూ కుర్చీలు వేశారు. పెద్ద మేడం లేచి నిలబడి, ఈ బడిని బాగుచేసే ఆలోచనలు ఇకమీదట పైనుంచి రావని, మాలోంచే రావాలని చెప్పింది. టీచరైనా, వంటమనిషైనా, డ్రైవరైనా తలా ఒక చిన్న ప్రయత్నం ఎంచుకోవాలి. దానివల్ల పిల్లలకి చదువన్నా బాగా రావాలి, మనసన్నా కుదుటపడాలి. టర్మంతా చేసి చూసి, ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఆఖర్లో ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆటల మాస్టారు, ఓడిపోయిన జట్టే తర్వాతి ఆట ఎంచుకునేలా చేస్తానన్నాడు. వంటమనిషి, కూర రుచి చూసి మార్పులు చెప్పడానికి రోజుకి ఇద్దరు పిల్లల్ని పంపమంది. ఆ తర్వాత ఒకటో తరగతి టీచర్ లేచింది. వచ్చి ఏడాది కూడా కాలేదు, అందరం చిన్న టీచర్ అంటాం. నిలబడగానే కళ్లు తుడుచుకుంది.

"నా క్లాసులో ఒక పాప ఉందండీ. ఏడు నెలలైంది, ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే తల కూడా ఎత్తదు. బొమ్మల కార్డులు చేసి చూస్తాను. ఈ టర్ములో మాట్లాడకపోతే..." అని ఆగిపోయింది.

పెద్ద మేడం ఆ మాట పూర్తి చేసింది. "వేరే బడి చూసుకోమని తల్లికి చెప్పాను. ఆ పాపకి ఏం వచ్చో ఏం రాదో తెలియకుండా పై తరగతికి ఎలా పంపను?"

ఎవరా పాప అని అడిగాను. చిన్న టీచర్ పేరు చెప్పింది. బస్సులో ఆ పేరున్నవాళ్లు లేరే అనుకున్నాను. పసుప్పచ్చ బ్యాగు, రెండు జడలు, ముందు పన్ను ఊడింది అని వివరం చెప్పేసరికి నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"మా పిచ్చుకా? అది మాట్లాడదా? పొద్దున్న ఎక్కిన దగ్గర్నుంచీ గుక్క తిప్పుకోకుండా వాగి నా చెవులు చిల్లులు పొడుస్తుందండీ."

అందరూ నవ్వారు. నేను వేరే పిల్లని అనుకుంటున్నానని వాళ్ల ఉద్దేశం. ఇంట్లో బాగానే మాట్లాడుతుందని వాళ్లమ్మ చెప్పిందట గానీ, తల్లులందరూ అలాగే చెబుతారని ఎవరూ పట్టించుకోలేదు. మమ్మల్నేమో ఎవరూ అడగలేదు. బస్సులో నోరు మూయని పిల్ల గేటు దాటగానే మూగదైపోతోందని ఏడు నెలలపాటు మాకూ తెలియలేదు.

నాకు ముక్కు మీద కోపం. నా మాట నమ్మకపోతే అస్సలు ఓర్చుకోలేను. "రేపు బస్సుకి రండి, మీ చెవులతో మీరే వినండి" అని చిన్న టీచర్‌తో అన్నాను.

పిచ్చుకది మొదటి స్టాపు. ఆ తర్వాతి స్టాపు రావడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటా బస్సులో మేం ముగ్గురమే. మర్నాడు బస్సు షెడ్డు దగ్గరే చిన్న టీచర్‌ని ఎక్కించి, తొమ్మిదో వరసలో, అంటే చిట్టచివర, కింద కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. తమ్ముడు అద్దంలోంచి చూసి, "దొంగచాటుగా ఎందుకక్కా, పిల్లకి చెప్పే కూర్చోబెట్టొచ్చుగా" అన్నాడు. "నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాను.

పిచ్చుక ఎక్కింది. రెండో వరసలో కిటికీ పక్కన తన సీట్లో కూర్చుని మొదలుపెట్టింది. ఊడిన పన్ను ఎక్కడ దాచిందో, రాత్రి వాళ్లమ్మ ఏం కథ చెప్పిందో, ఆ కథలో కుందేలు చేసింది ఎందుకు తప్పో, డ్రైవర్ మామకి నిన్నటికన్నా ఇవాళ మీసం ఎందుకు వంకరగా ఉందో చెప్పుకుంటూ పోయింది. నాకు గర్వంతో ఒళ్లు తెలియలేదు. చూశారా, విన్నారా అని లోపల్లోపల ఎగిరిపోతున్నాను.

వెనక చిన్న టీచర్ ఉండబట్టలేకపోయింది. దుప్పటి తోసేసి లేచి, ఏడుస్తూ నవ్వుతూ, "ఎంత బాగా మాట్లాడుతున్నావు తల్లీ" అంది.

పిచ్చుక వెనక్కి తిరిగి ఆమెని చూసింది. తర్వాత నన్ను చూసింది. నోరు మూసుకుంది. బడి వచ్చేదాకా తెరవలేదు. సాయంత్రమూ తెరవలేదు. మర్నాడు ఎక్కి, బస్సు చివరిదాకా నడిచి, సీట్ల కిందికి ఒక్కొక్కటీ వంగి చూసుకుని వచ్చి, తన సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను పిలిచినా పలకలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే చేశాను.

ఆ శుక్రవారం సాయంత్రం స్టాపులో వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇంట్లో కూడా మాటలు తగ్గించేసిందండీ. పడుకోబోయే ముందు మంచం కింద టీచర్ ఉందేమో చూడమ్మా అంటోంది" అని మెల్లిగా చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లకి ఇంటి బయట నోరు విప్పే చోటు ఒక్కటే ఉండేది. నా పంతం కోసం దాన్ని పాడుచేశాను. బస్సు తిరిగి వెళ్తుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తమ్ముడు ఒక్క మాట అనలేదు. వాడు దెప్పకపోతే నాకు మరీ భయం వేస్తుంది.

సోమవారం పొద్దున్న చిన్న టీచర్ షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె కళ్లూ ఉబ్బి ఉన్నాయి. "నేను రోజూ బస్సులోనే వస్తానమ్మా. అందరికీ కనబడేలా కూర్చుంటాను. ఏమీ అడగను" అంది. ఇద్దరం అక్కడే మాట్లాడుకుని ఒక పద్ధతి అనుకున్నాం. దాన్నే మా ఇద్దరి ప్రాజెక్టు అని కాగితం మీద రాసి పెద్ద మేడంకి ఇచ్చాం. బొమ్మల కార్డులు పక్కన పెట్టేశాం.

ఆ రోజు పిచ్చుక ఎక్కగానే దాని సీటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "టీచర్‌ని దాచింది నేను. తప్పు నాది. ఇంకెప్పుడూ అలా చెయ్యను. టీచర్ చివరి వరసలో కూర్చుంటుంది, అదిగో, చూడు. సోమవారం సోమవారం నేను నిన్ను అడుగుతాను. ఒక్క వరస ముందుకి రావచ్చు అనుకుంటే బ్యాగు ఒళ్లో పెట్టుకో. వద్దనుకుంటే పక్క సీట్లో పెట్టు. నువ్వు వద్దంటే రాదు." పిచ్చుక నన్ను చాలాసేపు చూసింది. మాట లేదు. లేకపోతే పోనీ, చూసింది కదా అనుకున్నాను.

టర్ము అయిపోవడానికి పది వారాలున్నాయి. మొదటి వారం టీచర్ చివర్న కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకుంది. రెండో సోమవారం బ్యాగు ఒళ్లో ఉంది. మూడో సోమవారమూ, నాలుగో సోమవారమూ అంతే. టీచర్ ఆరో వరసకి వచ్చింది. నా ఆశకి రెక్కలొచ్చాయి. అయిదో సోమవారం బ్యాగు పక్క సీట్లో పెట్టింది.

ఆరో సోమవారమూ అక్కడే పెట్టింది. ఒకపక్క వారాలు అయిపోతున్నాయి. ఆ బ్యాగు తీసి దాని ఒళ్లో నేనే పెడదామని చెయ్యి దురద పెట్టింది. "అక్కా" అన్నాడు తమ్ముడు అద్దంలోంచి, అంతే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చిన్న టీచర్ ఆరో వరసలోనే తల వంచుకుని దిద్దుకుంటూ కూర్చుంది. ఒక్కసారైనా నిట్టూర్చలేదు. ఆ ఓర్పు నాకెక్కడిది?

ఆ గురువారం, టీచర్ కదలలేదని తేల్చుకున్నాకేమో, పిచ్చుక నా కొంగు లాగింది. "ఆయమ్మా, ఇంకో పన్ను ఊగుతోంది" అని చెవిలో గుసగుసలాడింది. నేను ఏడవకూడదని పళ్లు బిగపట్టి, "ఏదీ, చూపించు" అన్నాను. తమ్ముడు బ్రేకు వెయ్యాల్సిన దానికన్నా గట్టిగా వేశాడు.

ఏడో వారం అయిదో వరస, తర్వాత నాలుగు, తర్వాత మూడు. గుసగుసలు కాస్తా మాటలయ్యాయి. టీచర్ సరిగ్గా వెనక సీట్లో ఉన్నా నాతో కబుర్లు చెప్పేది. కానీ టీచర్‌తో మాత్రం ఒక్క మాట లేదు. క్లాసులోనూ లేదు.

పదో వారం గురువారం, సాయంత్రం పిల్లలు ఎక్కుతుంటే పెద్ద మేడం బస్సు దగ్గరికి వచ్చింది. మర్నాడే ఆఖరి మీటింగు. "నేనూ ఒకసారి వచ్చి వింటాను. రేపు ఏదో ఒకటి తేల్చాలి కదా" అంది.

ఆమె మా అందరి జీతాల మీదా సంతకం పెట్టే మనిషి. అయినా నా నోరు ఊరుకోదుగా. "రండి మేడం. కానీ టీచర్ కోసం అడిగినట్టే మీ కోసమూ పిచ్చుకని అడుగుతాను. అది వద్దంటే మీరు దిగిపోవాలి."

చిన్న టీచర్ ముఖం పాలిపోయింది. పెద్ద మేడం "అడగండి" అంది.

పిచ్చుక దగ్గరికి వెళ్లి చెప్పాను. "పెద్ద మేడం చివరి వరసలో కూర్చుని నువ్వు మాట్లాడేది వింటానంటోంది. ఒళ్లోనా, పక్కనా? నీ ఇష్టం." వద్దంటే ఆ పిల్లకి ఈ బడి లేదేమో. ఆ సంగతి దానికి చెప్పి బెదిరించడం నాకు చేత కాలేదు. పిచ్చుక మెట్ల మీద నిలబడిన పెద్ద మేడం వైపు చూసింది. ఒళ్లో ఉన్న బ్యాగు తీసి పక్క సీట్లో పెట్టింది. జారిపోకుండా రెండు చేతులతో అదిమి మరీ పెట్టింది.

పెద్ద మేడం ఆ బ్యాగు కేసి చూసి తల ఊపింది. "సరే తల్లీ" అని మెట్లు దిగింది. నేను వెంట దిగి, "మేడం, ఒక్క అవకాశం..." అని బతిమాలబోయాను.

"మాట్లాడటం రాదని కదమ్మా మనం భయపడింది?" అంది ఆవిడ. "నాకు వద్దని చెప్పే ధైర్యం ఈ బడిలో ఏ టీచర్‌కీ లేదు. ఆ పిల్ల చెప్పింది, నాకు అర్థమైంది. రెండో తరగతికి పంపిద్దాం. చిన్న టీచర్‌ని కూడా దానితోపాటే రెండో తరగతికి మారుస్తాను." అని ఆఫీసు వైపు వెళ్లిపోయింది.

నేను బస్సెక్కి ఆ మాట చిన్న టీచర్ చెవిలో వేశాను. ఆమె పుస్తకాల కట్ట మీద తల ఆనించేసింది. బస్సు కదిలింది. పిచ్చుక వెనక్కి తిరిగి, ఆఫీసు మెట్లెక్కుతున్న పెద్ద మేడంని కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత, సోమవారం కాకపోయినా, బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

నేను టీచర్ భుజం తట్టాను. ఆమె లేచి వచ్చి, ఆ ఖాళీ సీట్లో ఒంటికి ఒళ్లు తగలకుండా అంచున కూర్చుంది. ఒక్కో స్టాపులో పిల్లలు దిగిపోతున్నారు. చివరికి మేం నలుగురమే మిగిలాం. పిచ్చుక కిటికీ కేసే చూస్తూ అంది.

"పెద్ద మేడం నిజంగా వెళ్లిపోయారు."

అది నాతో కాదు. "అవును. నువ్వు వద్దన్నావుగా" అంది చిన్న టీచర్ మెల్లిగా.

"మీరు ఇంకెప్పుడూ దాక్కోరు కదా?"

"దాక్కోను తల్లీ."

పిచ్చుక బ్యాగు పట్టీలు రెండూ ముడి వేసింది, మళ్లీ విప్పింది. అప్పుడు టీచర్ వైపు తిరిగి, నాకు వినపడదన్నట్టు గొంతు బాగా తగ్గించి, "ఆ రోజు మిమ్మల్ని ఆయమ్మే దాచింది. నేనేమీ అనలేదు, పాపం ఏడుస్తుందని" అంది.

తమ్ముడు బస్సు రోడ్డు పక్కన ఆపేశాడు. స్టాపు ఇంకా రాలేదు. ఎందుకు ఆపావురా అని నేను అడగలేదు.