ఐనార్ టోపీ తీసిన రోజు

ఫోటో చూడగానే "ఇది కొరీన్‌దే" అంటారు మా ఊరు డులూత్‌లో ఎవరైనా. కింద పేరు ఉండక్కర్లేదు. ఓ వీపో, మెడో, పక్కకి తిరిగిన చెంపో ఉంటుంది. కిటికీలోంచో సరస్సు మీంచో కాస్త వెలుగు పడుతుంటుంది. మిగతాదంతా చీకటి. ముఖం మాత్రం చచ్చినా కనపడదు. నా మేనకోడలైన కొరీన్ దాన్ని "నా చూపు" అంటుంది. నేను "నీ మొండితనం" అంటాను. నా నోరు ఊరుకోదు, అందరికీ తెలిసిందే.

మొదట్లో అదీ అందరిలాగే పెళ్లి ఫోటోలు తీసేది. పళ్లికిలించే పెళ్లికొడుకులు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని గాల్లోకి గెంతే స్నేహితురాళ్లు. ఒక్కరూ పట్టించుకోలేదు. తర్వాతెప్పుడో ఒక పెళ్లికూతురు కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే వెనకనించి తీసింది. ఆ ఒక్క ఫోటోతో దాని దశ తిరిగింది. అప్పట్నించీ పెళ్లి అయ్యాక కూర్చుని, ఆ పద్ధతికి సరిపడేవే ఉంచి మిగతావన్నీ చెరిపేస్తుంది. తన దగ్గర కూడా ఒక్కటీ దాచుకోదు.

"మామూలు ఫోటో ఒక్కటి బయటికెళ్లినా నా పేరు పోతుంది అత్తా" అనేది.

ఇంకో షరతు కూడా ఉంది. చుట్టాలు ఫోన్లూ కెమెరాలూ ఎత్తి అడ్డం వస్తారని, చర్చి గుమ్మంలోనే అన్నీ బుట్టలో వేయించేది. ఈమధ్య ఇక్కడి పెళ్లిళ్లలో చాలామంది అలాగే అడుగుతున్నారులెండి. ఆ బుట్ట పట్టుకుని నిలబడే మహాతల్లిని నేనే.

మార్చిలో ఒక పొద్దున సోల్వే మా స్టూడియోకి వచ్చింది. ఆకులు రాలే రోజుల్లో ఆ పిల్ల పెళ్లి తీశాం. కళ్లు ఉబ్బిపోయున్నాయి. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టుకుంటూ వాళ్ల నాన్న ఐనార్ గుండె ఆగి పోయాడట. శనివారం అంత్యక్రియలు.

"నాన్న ముఖం కనిపించే ఫోటో ఒక్కటి కావాలి కొరీన్" అంది.

"ఇంట్లో లేవా అమ్మా?" అన్నాను.

"ఇంట్లో ఫోటోలన్నీ తీసింది ఆయనే. మేమందరం ఉంటాం, ఆయనుండడు. నేను ఫోన్ ఎత్తితే చాలు, టోపీ ముఖం మీదకి లాగేసుకునేవాడు. నా పెళ్లి రోజే, నేను బతిమాలితే, టోపీ తీశాడు."

కొరీన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద కూతురితో డాన్సు చేస్తున్న ఐనార్ కనిపించాడు. వెడల్పాటి వీపు, కూతురి నడుం మీద పెద్ద చెయ్యి. ఆ తర్వాత అతని మెడ. ఆ తర్వాత కిటికీ దగ్గర నల్లటి నీడ.

"ఈ డాన్సు ఫోటో అంటే నాకు ప్రాణం" అంది సోల్వే. "కానీ శవపెట్టె పక్కన నాన్న వీపు ఎలా పెట్టను?"

కొరీన్ కెమెరా కార్డులు బయటికి తీసి ఒక్కొక్కటీ వెతికింది. వాటి మీద తర్వాత ఎన్ని పెళ్లిళ్లు తీసిందో! ఏమీ మిగల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పేరు చల్లగుండా! చచ్చిపోయిన మనిషికి ముఖం లేకుండా చేశావు కదే!"

"ఆమెని తిట్టకండి" అంది సోల్వే. "ఇలాగే కావాలని ఏరికోరి వచ్చింది నేను."

మర్నాడు సోల్వే ఐనార్ పాత కెమెరా పట్టుకొచ్చింది. పెళ్లిరోజు బుట్టలోంచి తీసుకున్నాక ఆయన దాన్ని మళ్లీ ముట్టలేదట. పెళ్లి రోజు పొద్దున ఇంట్లో ఎవరైనా దాంతో ఆయన్ని తీసుంటారని ఆశ. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి చూశాం. సోల్వే పినతల్లి పిల్లలు, కుక్క, ఎవరిదో పుట్టినరోజు కేకు నోటినిండా కుక్కుకున్న పాస్టరు. అందరూ సూటిగా మనవైపే చూస్తున్నారు. ఐనార్ ఎక్కడా లేడు.

ఆఖరి ఫోటోలో ఉన్నది కొరీన్.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చర్చి గుమ్మంలో ఇది చెయ్యి చాపి, "కెమెరా ఇచ్చెయ్యండి ఐనార్ గారూ" అంది. ఆయన "ఉండమ్మా, ఫోటోలు తీసేవాళ్లని ఎవరు తీస్తారు పాపం?" అంటూ నొక్కేశాడు. చాచిన చెయ్యి, మచ్చల ముక్కు, వంకర పన్ను, నవ్వు, అంతా ఉంది. ఇంత పెద్దదయ్యాక దాని ముఖం ఇంత బాగా ఎవరూ తియ్యలేదు.

"నాన్న నిన్ను బాగా తీశాడు" అంది సోల్వే. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

చివరికి ఐనార్ డ్రైవింగ్ లైసెన్సు మీది ఫోటో దొరికింది. ఆ ఆఫీసులో ఎంతటివాడైనా టోపీ తియ్యాల్సిందే కదా. కొరీన్ దాన్ని పెద్దది చేసింది. అలవాటుకొద్దీ చెంప పక్కన నీడ వెయ్యబోయింది. నేను నోరు తెరిచేలోపే అదే ఆగిపోయి, ఉన్నదున్నట్టు అచ్చు తీసింది. నీలం గోడ, అణిగిపోయిన జుట్టు, ఒక కన్ను సగం మూత.

శనివారం చర్చిలో పెట్టె పక్కన అదే పెట్టారు. ప్రార్థన అయ్యాక జనం కింది హాల్లోంచి కాఫీలూ హామ్ శాండ్‌విచ్‌లూ తెచ్చుకుని దాని చుట్టూ చేరారు. ఐనార్‌తో చేపలకెళ్లే ముసలాయన ఒకడు కర్ర పొడుచుకుంటూ వచ్చి నిలబడిపోయాడు.

"చూడగానే మావాడే అనిపించాడు. ఎవరు తీశారిది?"

అందరూ కొరీన్ వైపు తిరిగారు.

"ఎవరూ తియ్యలేదండీ. లైసెన్సు ఆఫీసులో తీసిందే" అంది అది.

"ఎవరైతేనేం, మా ఐనార్‌ని తీశారు" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

కొరీన్ ప్లేటు బల్లమీద పెట్టేసి, కోటు కూడా వేసుకోకుండా బయటి మంచులోకి పోయింది. కోటు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. కారు పక్కన నిలబడి గడగడా వణుకుతోంది.

"ఆయన్ని ఎదురుగా తీశాను అత్తా" అంది. "డాన్సు అయిపోయాక నన్ను చూసి చెయ్యూపాడు. నవ్వుతున్నాడు. ముఖం మొత్తం వచ్చింది."

"మరి ఏం చేశావే?"

"చెరిపేశాను."

"ఎందుకే తల్లీ?"

"మామూలుగా ఉందని" అంది.