అడుగున్నర రాయి

ఆ ఏడాది అఖా తీజ్, అంటే అక్షయ తృతీయ ముందు నా చేతిలో ఉన్నవి ఇవి: రాజస్థాన్ జాలోర్‌లో భీన్‌మాల్ రోడ్డు మీద ఒక గ్రానైట్ యార్డు, రాళ్లు కోసే మిషన్లు రెండు, యార్డు వెనకే ఇల్లు, ఆ ఇంట్లో మా ఆవిడ సుకీ, కోడలు ధాపూ, నాలుగేళ్ల మనవరాలు గవరీ. కొడుకు నరపత్ లేడు. రాళ్ల లారీ బోల్తా పడి పోయాడు. అప్పటికి ఏడాది దాటింది.

వ్యాపారి అన్నవాడు పోయినదానికి నీళ్లొదులుకుని, ఉన్నదాంట్లో ఏది నిలబెట్టుకోవాలో చూసుకుంటాడు. నేను నిలబెట్టుకోవాలనుకున్నది గవరీని. నరపత్ వెనక మిగిలింది అదొక్కతే.

కోడలి సంగతి వేరు. ఆరేళ్లు ఒక కప్పు కింద ఉన్నా నేను ధాపూ ముఖం చూడలేదు, గొంతు వినలేదు. మా వాళ్లలో కోడలు మామగారి ముందు ముసుగు తియ్యదు, నోరు విప్పదు. నాకు తెలిసింది కాళ్లూ, గాజులూ. నేను ఏదైనా అడిగితే అవుననడానికి నాలుకతో ఒక చప్పుడు, కాదనడానికి రెండు. అంతకంటే పెద్ద మాటైతే సుకీ చెవిలో వేసేది, సుకీ నాకు చెప్పేది. గవరీకి మాటలొచ్చాక ఆ పని గవరీకి పడింది. “దాదా, ఇంకో రొట్టె వెయ్యనా అంటోంది అమ్మ” అనేది. నేను చాలంటే, అక్కడే నిలబడి వింటున్న తల్లికి మళ్లీ వెళ్లి “చాలంట” అని చెప్పి వచ్చేది.

మా వంటింటి గట్టుకి గులాబీ రంగు గ్రానైట్ వేయించింది నరపతే. గవరీ నడక నేర్చాక ఆ గట్టు చివర, నేలకి జానెడు ఎత్తులో, అదే రాయి ముక్క ఇంకొకటి బిగించాడు. అడుగున్నర పొడుగుంటుంది. అంచులు కూడా గుండ్రంగా అరగదీశాడు. మంచి ముక్క, ఎవరికైనా గూట్లో పలక కింద అమ్ముకోవచ్చు కదరా అన్నాను. పిల్ల ఎక్కి నిలబడటానికి అన్నాడు. గవరీ దాని మీదికెక్కితే గడ్డం గట్టుకి అందేది. తల్లి సజ్జ రొట్టె తడుతుంటే పక్కన తన ముద్ద తను తట్టుకునేది.

నరపత్ పోయాక ధాపూ అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. తీసుకుపోయి ఏం చేస్తాడో నాకు తెలుసు. ఎవడు ఎక్కువిస్తే వాడి ఇంటికి పంపించి చేతులు దులుపుకుంటాడు. మా ఇంటి మనిషిని మేమే పంపించుకుంటాం, కూతుర్ని పంపించినట్టు పంపిస్తాం అని నలుగురిలో చెప్పి అతన్ని వెనక్కి పంపాను. తర్వాత నేనే సంబంధం వెతికాను. బాడ్మేర్ అవతల ఇసక దిబ్బల మధ్య ఊరు. కుర్రాడికి నీళ్ల ట్యాంకర్లున్నాయి, మొదటి భార్య పోయింది. తాగుడు లేదు, చెయ్యి చేసుకునే రకం కాదు అని విచారించిన చోటల్లా చెప్పారు. తండ్రి పేరు పూనమారామ్. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, పిల్లని తీసుకురాకూడదు.

నేను కాసేపు మొహం ముడుచుకున్నాను. ఎంతో బరువు మీద వేసుకుంటున్నట్టు ఒప్పుకున్నాను. లోపల మాత్రం నా బేరం ఆ మాటతోనే గిట్టింది. నాకు కావలసింది నేను అడక్కుండానే ఇచ్చాడాయన. ఆ సంతోషంలో, వాళ్లు కడుతున్న కొత్త ఇంటికి వంటగట్టు రాయి నా యార్డు నుంచే పంపుతానన్నాను.

ధాపూని అడగలేదు. మామగారు కోడల్ని అడిగే దారి లేదు. సుకీ చెప్పిందట, విని ఊరుకుందట. కాదనుకుంటే రెండు చప్పుళ్లు వినపడేవి కదా అనుకున్నాను. సుకీ మాత్రం నాతో, “పలక అటు, ముక్క ఇటు అని రాయి కోసినట్టు కోసేశావు” అంది. రాయి కొయ్యకపోతే వ్యాపారం ఎలా అన్నాను.

అఖా తీజ్ నాడు పెళ్లంటే ముహూర్తం చూసే పని లేదు. ఆ పండగ వారంలోనే, పెళ్లికి ముందు ఒక పొద్దున కులపెద్దల్ని పిలిచి, వాళ్ల ముందు ధాపూ నెత్తిన కొత్త ఓఢ్నీ కప్పి, నుదుట కుంకుమ పెట్టి, ఆమెని నా కూతురిగా చేసుకున్నాను. బెల్లం పంచాం. తండ్రి ముందు కూతురికి ముసుగు ఉండదు. సుకీ దగ్గరికొచ్చి తన చేత్తో ముసుగు ఎత్తింది. ధాపూ ముఖం చూశాను. గవరీ ముక్కు ఆమెదే. అన్నేళ్లూ అది నరపత్ ముక్కే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పూనమారామ్ రాయి ఎంచుకోవడానికి వచ్చాడు. యార్డులో పలకలన్నీ ఇనప స్టాండ్లకి ఆనించి ఉన్నాయి. ఆయన దేన్నీ చూడకుండా నేరుగా నల్లరాయి ముందుకెళ్లి నిలబడ్డాడు. అది మా ప్రాంతపు రాయి కాదు. ఎక్కడో ఆంధ్రలో చీమకుర్తి నుంచి వస్తుంది. నల్లటి రాయిలో బంగారు నలుసులు మెరుస్తుంటాయి. నా దగ్గరున్నవాటిలో అదే ఖరీదు.

“బావగారి కంటికి ఖరీదు బాగానే ఆనుతుందే” అన్నాను.

“ఇచ్చేది రాళ్ల సేఠ్ అయినప్పుడు పుచ్చుకునేవాడు గులకరాళ్లు ఏరుకుంటాడా?” అన్నాడు.

ఆ రాయి మీకు పనికిరాదన్నాను. ఊరికే ఇవ్వాల్సొచ్చేసరికి చేతులు రావడం లేదని ఆయన నవ్వాడు. నేను బకెట్లోంచి మా బోరు నీళ్లు దోసిట్లో తీసి నల్లరాయి మీద కొంత, పక్కనున్న గులాబీ రాయి మీద కొంత చల్లాను. వైశాఖపు ఎండ. మాట్లాడుతుండగానే ఆరిపోయాయి. నల్లరాయి మీద ఎక్కడ చుక్క పడితే అక్కడ తెల్ల మచ్చ తేలింది. గులాబీ రాయి చల్లకముందు ఎలా ఉందో అలాగే ఉంది. మీ ఊరి నీళ్లు దీనికంటే ఉప్పు అన్నాను. మీ వంటింటి కిటికీ పడమటి వైపు, మధ్యాహ్నం తిరిగితే ఎండ గట్టు మీదే పడుతుంది, ఒకసారి చెయ్యి పెట్టి చూడండన్నాను. ఆయన నల్లరాయి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు.

“మంచిదేగా. రొట్టె దీని మీదే కాల్చుకుంటే పొయ్యి ఖర్చు తప్పుతుంది” అన్నాడు.

“దుమ్ముగాలి వచ్చినప్పుడు దాని మీద వేలితో మీ పేరు కూడా రాసుకోవచ్చు.”

ఆయన తలపాగా సర్దుకున్నాడు. ఇక పట్టు పట్టలేదు. వండేది నువ్వూ కాదు నేనూ కాదు, అమ్మాయినే పిలువు అన్నాడు.

ధాపూ వచ్చింది. తల్లి పావడా కుచ్చిళ్లు పట్టుకుని గవరీ వెనకే వచ్చింది. నేను తండ్రిని, ఆయన కాబోయే మామగారు. ఇద్దరం ఒకే చోట నిలబడి ఉన్నాం. ధాపూ మా ఇద్దరి మధ్యకీ వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. ఆయన వైపు ఓఢ్నీ అంచు గడ్డం దాకా లాగి పట్టుకుంది. నా వైపు ముఖం తెరిచే ఉంది. నల్లరాయి వైపు చూడనే లేదు. గులాబీ రాయిని అరచేత్తో ఒకసారి రాసి, “ఇది” అంది.

అది నేను విన్న మొదటి మాట. గొంతు కాస్త బొంగురుగా ఉంది. గులాబీదంట అని నేను పూనమారామ్‌కి చెప్పాను. గవరీ నా పంచె లాగి, “నేను చెప్తాగా దాదా” అంది. దాని పని నేను లాక్కున్నానని దాని కోపం.

పూనమారామ్ చెప్పిన కొలతలు సుద్దతో పలక మీద గీశాను. ఇంకేమైనా కావాలా అని ఆయన్నే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఇంకో చిన్న ముక్క కావాలి బాపూ” అంది ధాపూ, తండ్రిని పిలిచినట్టు.

ఎంత ముక్క అన్నాను. అడుగుల్లో చెప్పలేదు. వంగి, రెండు అరచేతులూ పలక మీద దూరంగా పెట్టి చూపించింది. “ఇంత పొడుగు. గట్టు చివర, నేలకి జానెడు ఎత్తులో బిగించాలి. అంచులు గుండ్రంగా ఉండాలి.”

సుద్ద నా చేతిలో ఆగిపోయింది. కొలిచే అవసరం లేదు. అడుగున్నర.

పూనమారామ్ ఏమంటోందని అడిగాడు. చిన్న ముక్కేదో కావాలంటోందన్నాను. దేనికి అన్నాడు. గొంతు తగ్గించి ధాపూనే అడిగాను.

“దాని మీద ఎక్కేదెవరమ్మా? గవరీ ఇక్కడే ఉంటుంది కదా.”

“తెలుసు బాపూ.”

“మరి?”

“రొట్టె తడుతుంటే పక్కకి చూడటం అలవాటైపోయింది. అక్కడ రాయైనా ఉండనీ.”

గవరీ కింద కూర్చుని నా సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తోంది. నేను దాన్ని చూశాను. తల్లి దాన్ని చూడటం లేదు.

“ఒప్పందం మాట్లాడినప్పుడు కాదని రెండు చప్పుళ్లు చెయ్యలేదేం?” అన్నాను.

“కోడలికి అంత చోటెక్కడుంది బాపూ? కూతురినైంది ఇవాళ పొద్దున్నే కదా.”

“పొద్దున్నుంచైనా అడగొచ్చుగా.”

“మీకున్నది అదొక్కతే. కూతురినైన మొదటి రోజే పుట్టిల్లు దోచుకోమంటారా?”

వ్యాపారంలో ఎదుటివాడు అడిగినదాన్ని తగ్గించడం నాకు తెలుసు. ఏమీ అడగనివాళ్లతో బేరం ఎలా చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఇవ్వనంటే గవరీ నా ఇంట్లో ఉంటుంది. రోజూ ఆ గులాబీ ముక్క మీద ఎక్కి నిలబడుతుంది. దాని పక్కన రొట్టె తట్టే మనిషి ఉండదు. అక్కడ బాడ్మేర్ ఇసకలో ఇంకో ముక్క, పక్కన రొట్టె తట్టే మనిషి ఉంటుంది, ఎక్కేవాళ్లుండరు. ఎటు తిప్పి చూసినా ఒక రాయి దండగ.

“బావగారూ, బేరం మారింది. పిల్ల తల్లితో వస్తుంది” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. “మొన్నటి మాట ఇవాళ మారిస్తే, జాలోర్ రాయి గట్టిదని ఎలా నమ్మమంటావు సేఠ్?”

“మొన్న మాట్లాడింది మామగారు. ఇవాళ మాట్లాడుతోంది తండ్రి.”

ఆడపిల్ల, రేపు చదువూ పెళ్లీ ఉన్నాయన్నాడు. రెండూ నావే, పెళ్లినాడు మేనమామ పెట్టాల్సిన బట్టలతో సహా నేనే పెడతానన్నాను. కావాలంటే ఆ నల్లరాయి కూడా తీసుకెళ్లి ముందు అరుగు మీద వేసుకోమన్నాను. వడగాలికి యార్డు రేకులు కొట్టుకుంటున్నాయి.

“మా కోడలు కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఉయ్యాల మా వాడే తన చేత్తో విప్పేశాడు” అన్నాడు చివరికి. “ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతుంటే వాడు తట్టుకోలేడని వద్దన్నాను. ఖర్చుకి కాదు.”

ధాపూ ఓఢ్నీ అంచు పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

“తట్టుకుంటాడేమో చూద్దాం” అన్నాడు. జీపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. “అరుగుకన్నావు చూడు, ఆ రాయి మాత్రం పంపించు.”

ఇంట్లోకెళ్లేసరికి సుకీ పండక్కి ఖీచ్ వండటానికి సజ్జలు దంచుతోంది. జరిగింది చెప్పాను. రోకలి ఆపకుండానే, “నన్నడిగావా?” అంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి బేరంలో ధాపూని అడగలేదు, రెండో బేరంలో సుకీని అడగలేదు.

చాలాసేపు దంచి ఆపింది. “కొత్త ముక్క కొయ్యకు. మనింట్లో ఉన్నదే తీయించి పంపు” అంది.

“అదెందుకు?”

“ధాపూకి రాయి చూస్తే గాని చెయ్యాడదు. నాకు దాన్ని చూస్తే ఆడదు.”

మేస్త్రీ వచ్చి ఆ ముక్కని చిట్లకుండా ఊడదీశాడు. నరపత్ గట్టిగానే బిగించాడు, తొందరగా రాలేదు.

పెళ్లి బాగానే జరిగింది. కన్యాదానం నేనూ సుకీ కూర్చుని చేశాం. అప్పగింతలప్పుడు ధాపూ ఏడ్చింది, నన్ను పట్టుకుని ఏడ్చింది, కూతుళ్లు ఏడ్చినట్టే. గవరీ ఏడవలేదు. జీపెక్కుతున్నానన్న సంబరంలో ఉంది. పూనమారామ్ ఇంటి ఆడవాళ్లు దానికి అప్పుడే నేర్పుతున్నారు, ఇంక నన్ను కొడుకు బిడ్డలా దాదా అనకూడదు, నానా అనాలి, కూతురి బిడ్డ పిలిచేది అలాగే అని. గవరీ రెండు మూడుసార్లు నానా నానా అని చూసి, కొత్త ఆటలా నవ్వింది. జీపు కదిలేముందు తల బయటికి పెట్టి, “నీకు రొట్టె కావాలో వద్దో ఎవరు చెప్తారు మరి?” అని అడిగింది.

నేనే చెప్పుకుంటానన్నాను.

వెనకాల రాళ్ల లారీ బయల్దేరింది. నల్ల పలక, గులాబీ పలక, వాటి మధ్య గోనెలో చుట్టిన చిన్న ముక్క. లారీ నెమ్మదిగా నడపమని డ్రైవరుకి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు లెక్క. ఇచ్చింది: కోడలు, కొడుకు బిడ్డ, దాదా అనే పిలుపు, రాళ్లు మూడు. వచ్చింది: శ్రావణంలో తీజ్ పండగకి పుట్టింటికొచ్చే ఒక కూతురు, బాపూ అనే బొంగురు గొంతు, వంటింట్లో గట్టు చివర అడుగున్నర జాగా. అక్కడ నేల మిగతా నేలకంటే తెల్లగా ఉంటుంది. సుకీ అందులో ఏమీ పెట్టదు.