ఉప్పు లేని కొవ్వు

మా చిన్నాన్న అంబ్రోస్ నాతో అయిదు నెలలు మాట్లాడలేదు. కారణం ఒక గరిటెడు పంది కొవ్వు.

మార్చిలో వానలో తుపాకీ కాల్చి ఇంటికొచ్చాను. గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి, మసంతా కడిగి, వేడి ఆరకముందే గుడ్డతో తుడిచాను. అంతవరకు చిన్నాన్న నేర్పినట్టే చేశాను. తీరా కొవ్వు రాద్దామని రేకు డబ్బా మూత తీస్తే లోపల ఖాళీ. పొయ్యి మీద బేకన్, అంటే ఉప్పులో ఊరేసిన పంది మాంసం, వేయించిన మూకుడు ఉంది. అందులో కొవ్వు నిగనిగలాడుతోంది. ఆవుదైతేనేం, పందిదైతేనేం, కొవ్వు కొవ్వే కదా అనుకున్నాను. స్కూలు వంటగదిలో ఇరవై ఏళ్ళుగా వండుతున్నదాన్ని, ఆ మాంసం ఆరువారాలు ఉప్పులో ఊరిందన్న సంగతి నాకు తట్టకపోవడమే విచిత్రం. గొట్టం నిండా పట్టించి, తుపాకీని గోడకి పెట్టి మర్చిపోయాను.

మే నెలలో చిన్నాన్న ఎదుట తీసి తుడిస్తే గుడ్డకి ఎర్రటి పొడి వచ్చింది. చిన్నాన్న తన చిటికెన వేలు గొట్టం మూతిలో పెట్టి తిప్పి, నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

ఆ తుపాకీ ఆయన కుర్రతనంలో వాళ్ళ నాన్న పక్కన కూచుని రెండు చలికాలాలు కష్టపడి చేసింది. మూతిలోంచి మందు పోసి, కొవ్వు రాసిన గుడ్డలో గుండు చుట్టి, కర్రతో దట్టించే పాతకాలం తుపాకీ. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఉన్నదల్లా అదే. చేతులు వణకడం మొదలయ్యాక నాకిచ్చాడు. ఆయన కొలిమి దగ్గర కూచుని ఆయన చెప్పేది వినేది నేనొక్కదాన్నే మరి.

"అక్టోబరు పోటీలో దాంతో వరసగా పది గుళ్ళు కాల్చు డెల్ఫీ," అన్నాడు. "మధ్యలో గొట్టం కడగకూడదు. ఒక్క గుండు ఇరుక్కున్నా తుపాకీ థర్మన్‌కి ఇచ్చేస్తా. వాడు గోడకైనా తగిలించుకుంటాడు."

థర్మన్ మా పెదనాన్న కొడుకు. వాడింట్లో తుపాకి మందు వాసన తగలని తుపాకులు ఆరో ఏడో గోడకి వేలాడుతుంటాయి. మర్నాడే చలిమంట గూడు పైన రెండు మేకులు కొట్టేశాడని వాళ్ళావిడే నాకు చెప్పింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ తుపాకీ బొమ్మలా గోడకెక్కితే చిన్నాన్న బతికుండగానే ఆయన పటానికి దండ వేసినట్టే.

తుప్పు గీకడానికి వారం పట్టింది. తర్వాత బజారు కొట్లో కుర్రాడు ఒక సీసా ఇచ్చి, "ఇది రాస్తే తుప్పు దగ్గరికి రాదండీ," అన్నాడు. నిజం చెప్పాలంటే రాలేదు కూడా. కానీ అది నేలలోంచి తీసిన నూనె. మా తుపాకి మందు మంటకి అది మాడి తారులా గొట్టానికి అంటుకుపోయింది. మూడో గుండు సగం దారిలో ఆగిపోయింది. గుండు కింద మందును తాకకుండా మధ్యలో ఉంటే కాల్చకూడదు, గొట్టం పగిలి మొహమ్మీదకొస్తుంది. దాన్ని బయటికి లాగడానికి నాకు ఒక పూట పట్టింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను.

ఈ మందుకి బతికిన జంతువు కొవ్వో, పండిన గింజ నూనో కావాలని చిన్నాన్న వందసార్లు చెప్పాడు. చెప్పినప్పుడు తలూపాను, చెవికెక్కించుకోలేదు.

ఉప్పు తగలని పంది కొవ్వు కాచి చూశాను. జులై ఎండకి గుండుకి చుట్టిన గుడ్డలోంచి కారిపోయింది. ఆలివ్ నూనె గుడ్డకి బాగానే ఉంది కానీ, నెల్లాళ్ళు దాచిన గొట్టానికి జిగురు పట్టింది. చివరికి పక్కింటి ఓర్ఫా గొర్రె కోసినప్పుడు కొవ్వు అడిగి తెచ్చుకున్నాను. కాచి, వడగట్టి, ఆవిడ తేనెపట్ల మైనమే కలిపాను. మైనం ఎక్కువైతే రాయిలా ఉండేది, తక్కువైతే చెమటలా కారేది. పాళ్ళన్నీ గోడ క్యాలెండరు మీద రాసుకున్నాను. చిన్నాన్ననడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. చర్చిలో నన్ను చూసి మొహం తిప్పుకునే మనిషిని ఏమడుగుతాను?

ఆగస్టులో దారానికి చిన్న దీపం కట్టి గొట్టంలోకి దించాను. నా తుప్పు మచ్చలు మూతి దగ్గరే ఉన్నాయి, చాలా వరకు పోయాయి. అడుగున, మందు కూచునే చోట, వేరే గుంటలున్నాయి. నల్లగా, నున్నగా, పాతవి. ఎంత పాతవంటే నేను పుట్టకముందువి. తుపాకీ అప్పుడు ఎవరి చేతుల్లో ఉందో చెప్పాల్సిన పనిలేదు. అప్పటికప్పుడు వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడి కడిగేద్దామనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పేశాను. వణికే చేతుల ముసలాయన్ని ఓడించి నేనేం బావుకుంటాను?

పోటీ రోజు చలి గిలిగింతలు పెడుతోంది. మా కొండల్లో ఈ పోటీకి బహుమతి ఒక ఎద్దు. నాలుగు భాగాలు మాంసం, అయిదో భాగం తోలూ కొవ్వూ. మంటలో నల్లగా కాల్చిన చెక్క పలక మీద కత్తితో గీసిన గుర్తుకి పది గుళ్ళు వెయ్యాలి. గుర్తు నుంచి ఒక్కో కన్నం దూరం దారంతో కొలుస్తారు, పదీ కలిపి ఎవరి దారం పొట్టిదైతే వాళ్ళు ముందు కోరుకుంటారు.

చిన్నాన్న కుర్చీ వేయించుకుని నా వెనకాలే కూచున్నాడు.

నేల మీద బోర్లా పడుకుని గొట్టాన్ని దుంగ మీద ఆనించాను. అయిదో గుండు వరకు కర్ర వెన్నలోకి దిగినట్టు దిగింది. ఏడోది కాస్త బిగిసింది. ఎనిమిదోదానికి గుడ్డకి ఇంకాస్త పట్టించాను. తొమ్మిదోదానికల్లా డబ్బా అడుగు కనిపించింది. ఓర్ఫా గొర్రెలింక వసంతం దాకా కోతకి రావు.

"కొవ్వయిపోయిందా చెల్లెమ్మా?" థర్మన్ కేకేశాడు. "మా ఇంట్లో మూకుడుంది, తెప్పించమంటావా?"

నలుగురూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. డబ్బా మూలల్లో బొటనవేలు తిప్పి, ఉన్నదంతా గోకి పదో గుడ్డకి రాశాను. కర్ర పట్టి నొక్కాను. సగంలో ఒక్క క్షణం ఆగినట్టయింది. బరువంతా వేసి నిదానంగా తోశాను. గుండు దిగి మందు మీద కూచున్న చప్పుడు అరచేతికి తెలిసింది.

కాల్చాను. పొగ విడిపోయేసరికి కళ్ళు తడిసి ఉన్నాయి, పొగకి కాదు.

దారాలు కొలిస్తే థర్మన్‌ది మొదటిది, నాది రెండోది. వాడు వెనక తొడ తీసుకున్నాడు. దారం పట్టుకున్న పెద్దాయన నా వైపు తిరిగి, "ఇంకో వెనక తొడ నీదేనమ్మా," అన్నాడు.

"నాకు అయిదోది ఇవ్వండి."

"తోలూ కొవ్వూనా!" థర్మన్ పగలబడి నవ్వాడు. "తొడ వదిలేసి కొవ్వు కోరుకునేదాన్ని నిన్నే చూశా."

"నీ తొడ నాలుగాదివారాలు అన్నయ్యా, నా కొవ్వు నాలుగేళ్ళు. ఆ మేకులకి నీ టోపీ తగిలించుకో."

కుర్చీ కిర్రుమంది. చిన్నాన్న చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, నా గొట్టంలో చిటికెన వేలు పెట్టి, నాలిక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు.

"గొర్రెదా?"

"గొర్రెదే."

"మైనం ఎన్ని పాళ్ళు?"

అయిదు నెలల తర్వాత మాట్లాడాడు, అదీ నన్నడిగాడు. "మూడుకొకటి. చలికాలమైతే ఇంకొంచెం తగ్గిస్తా."

"నేను నాలుగుకొకటి వేసేవాణ్ణి. అందుకే ఎండల్లో కారి చచ్చేది." గొంతు తగ్గించాడు. "అడుగున ఉన్నవి చూశావా?"

"చూశాను."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా అమ్మ మూకుడు." ఆయన మొహం చిన్నపిల్లాడిలా ఎర్రబడింది. "నాకు కోపం నీ మీద కాదే, నా మీద. ఆ రోజు నా నాలిక మీద తగిలిన ఉప్పు నాకు బాగా తెలిసిన ఉప్పే."

"ఆ మాట మేలోనే చెప్పొచ్చుగా చిన్నాన్నా!"

"చెప్తే నువ్వు ఇంత నేర్చుకునేదానివా?"

"నేర్చుకునేదాన్ని. ఇంత ఏడ్చేదాన్ని కాదు."

ఆయన కోటు జేబులోంచి ఒక రేకు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. ఇంటి దగ్గర్నుంచే జేబులో వేసుకొచ్చాడన్నమాట, నేనింకా ఒక్క గుండూ కాల్చకముందే.

"కాచినప్పుడు నాకూ ఇంత పొయ్యి," అన్నాడు.

"నీకెందుకు? నువ్వు కాల్చవుగా."

"కాల్చి వచ్చాక నా దగ్గరికి తీసుకురా. గురి పెట్టడానికైతే చేతులు వణక్కూడదు గానీ, కొవ్వు రాయడానికి వణికితే ఏం పోయింది? ఇంకా బాగా పడుతుంది."