చచ్చినవాళ్ల వంతు నీళ్లు

కాపులీన్ ఊరి బోరుగదికి తాళం పడ్డ పొద్దున ఊరంతా బకెట్లు పట్టుకుని అక్కడే ఉంది. కంపెనీవాళ్లు తలుపుకి కొత్త గొలుసు చుట్టారు. పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. కంపెనీ ప్లీడరు బర్రగాన్ జీపు బానెట్ మీద కాగితాలు పరిచి, ఈ నీళ్లు మీరే రాసిచ్చారంటూ నలభై ఒక్క పేర్లు చదివాడు. మూడో పేరు తిబూర్సియో అల్బియార్.

ఒబ్దూలియా ఉలిక్కిపడింది. తిబూర్సియో ఆమె మొగుడు. పోయి నాలుగేళ్లయింది.

"ప్లీడరుగారూ, ఆయన చచ్చిపోయాడు."

"చచ్చినోడు సంతకం పెడతాడా అమ్మా? ఇదుగో, నువ్వే చూసుకో."

చూసింది. ఆ చేతిరాత తిబూర్సియోది కాదు, తనది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఆదివారం పూట ఇంటికొకరు పార పట్టుకుని వచ్చి కాలువ పూడిక తీయాలి. దాన్ని ఫయేనా అంటారు. పనికొచ్చినవాడు ఊరి పుస్తకంలో సంతకం చేస్తాడు, ఆ ఇంటి చేనుకి నీళ్ల వంతు దక్కుతుంది. మనిషి పోయినా వంతు పోదు. పెళ్లాం వచ్చి పూడిక తీసి మొగుడి పేరే రాస్తుంది. పేరు కొట్టేస్తే ఆ మనిషిని రెండోసారి చంపినట్టని వాళ్ల నమ్మకం. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఒబ్దూలియా మొగుణ్ణి అలా బతికించుకుంటూ వచ్చింది. ఇప్పుడా పుస్తకంలోంచి పేజీలు చింపి ఎవరో బర్రగాన్‌కి అందించారు. ఆ పేజీలకి పైన నీళ్లు రాసిచ్చినట్టు కాగితం కుట్టేశారు. చింపిందెవరని అడగక్కర్లేదు. ఊరి పెద్ద ఆ వారమే సాన్ ఎలాదియోకి మకాం మార్చాడు.

సాన్ ఎలాదియో పక్కనున్న పట్నం. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. దారి పొడుగునా 'రేపటి కంప్యూటర్ రాజధాని' అని బోర్డులు. బోర్డుల వెనక కిటికీల్లేని తెల్లటి కంపెనీ షెడ్లు. పగలూ రాత్రీ వాటి హోరు ఊళ్లోకి వినిపిస్తుంది.

సాయంత్రం బడి ఆవరణలో సభ పెట్టారు. ఒబ్దూలియా అక్క కొడుకు ఎలిసేయో షెడ్డు కాపలా యూనిఫాంలోనే వచ్చాడు. కంప్యూటర్ చదువు చదివినవాడు. మన పట్నం మహానగరాల సరసన నిలబడుతుందని మొదట్లో అందరితోనూ కొట్లాడినవాడూ వాడే.

"చెప్పరా, నీ రాజధానిలో ఎంతమందికి పనిచ్చారు?" అంది హెర్లిందా. ఆమె కూడా మొగుడు పోయినదే.

"పదకొండు మందికి. అందులో ఆరుగురం గేటు దగ్గరే."

"అయ్యో నాయనా! నాలుగేళ్లు చదివింది గేటు తియ్యడానికా?"

జనం గొల్లున నవ్వారు. ఎలిసేయో మాత్రం నవ్వలేదు.

"నవ్వండి. నేనూ నమ్మి మోసపోయా. లోపల ఉండేవి మిషన్లే. అవి వేడెక్కితే మన నీళ్లతో చల్లబరుస్తారు. పట్నం ఎదగొద్దని నేనిప్పుడూ అనను. ఎవరి గొంతెండబెట్టి ఎదగాలో మనల్ని ఒక్కసారైనా అడిగారా?"

"ఉపన్యాసం ఆపి దారి చెప్పరా!" అన్నారెవరో.

"దారుంది. నలభై ఒక్కమందిలో పంతొమ్మిది మంది చచ్చినవాళ్లు. వాళ్లని తీసేస్తే మిగిలేది ఇరవై రెండు. అరవై ఇళ్ల ఊళ్లో సగం కూడా ఒప్పుకోనట్టే, ఆ కాగితం చెల్లదు. కాని ఆ పేర్లు మేమే రాశామని పెళ్లాలు ఒప్పుకోవాలి. అప్పుడు దొంగ సంతకం కేసు పెడతారు పిన్నీ. జైలే."

షెడ్ల హోరు మాత్రం వినిపించింది.

ఆ వారమంతా ఒబ్దూలియాకి ఇంట్లో తిబూర్సియో పొడిదగ్గు వినపడుతూనే ఉంది. వంట చేస్తుంటే గుమ్మం దగ్గర, మధ్యాహ్నం ఖాళీ కుర్చీలో. నవంబరు రెండు చచ్చినవాళ్ల పండగ, ఆ రోజు వాళ్లు తమ ఇళ్లకొస్తారు. అంత దూరం నడిచొచ్చినవాళ్లకి ముందు దాహమేస్తుంది. ఏటా ఫొటో ముందు గ్లాసుడు నీళ్లు పెట్టేది. ఈసారి టాంకరు నీళ్లు, పచ్చగా, కంపు కొడుతూ. "నా చేత్తోనే నీ గొంతెండబెట్టాను కదయ్యా!" అని కుర్చీ పట్టుకుని ఏడ్చింది. దగ్గు ఆగలేదు. కళ్లు తుడుచుకుని హెర్లిందా ఇంటికి బయల్దేరింది.

రెండో తారీకున ఊరు శ్మశానానికి పోలేదు. ఫొటోలు, బంతిపూలు, ఖాళీ గ్లాసులు ఎత్తుకుని తిన్నగా షెడ్డు గేటుకి పోయింది. ఎలిసేయో టోపీ తీసి నేలమీద పెట్టి, గేటు ఇవతలికొచ్చి చచ్చినవాళ్ల పేర్లు పిలిచాడు. ఒక్కో పేరుకి ఊరంతా "హాజర్!" అని అరిచింది.

"తిబూర్సియో అల్బియార్!"

"హాజర్!"

బర్రగాన్ పరుగెత్తుకొచ్చాడు. "హాజరైతే మరీ మంచిది! సంతకం ఆయనదేగా?"

"నాది," అంది ఒబ్దూలియా. "ఆయన్ని పాతిపెట్టిందీ నేనే, ఆయన పేరు రాసిందీ నేనే. పూడిక తీసి ఊరి పుస్తకంలో రాశాను. నీళ్లమ్మడానికి కాదు. రాసుకో."

పోలీసులు ఆమె రెక్క పట్టుకున్నారు.

"ఆగండి, నాదీ రాసుకోండి!" హెర్లిందా ముందుకొచ్చింది. ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకామె. చివరికి ముసలి క్రిస్పీన్ కూడా కర్ర ఊపుతూ వచ్చాడు.

"నా పెళ్లాం సంతకం నేనే పెట్టా!"

"నీకు పెళ్లెప్పుడయింది తాతా?" అన్నాడు పోలీసు.

"కాలేదు. అందుకేగా దొంగ సంతకమంటున్నా!"

పంతొమ్మిది మంది ఆడవాళ్లని వ్యానులో కుక్కి తీసుకుపోయారు. క్రిస్పీన్‌ని ఎక్కించుకోలేదని ఆయన చాలాసేపు తిడుతూనే ఉన్నాడు.

పొడిదగ్గు లాకప్పులోకీ వెంట వచ్చింది. ఒబ్దూలియా పెదాలు పగిలిపోయాయి. కాపలా ఉన్న పిల్ల జాలిపడి గ్లాసుడు మంచినీళ్లిచ్చింది. ఒబ్దూలియా తాగకుండా కిటికీ గట్టుమీద పెట్టింది.

బయట పిలుపు మొదలైంది. ఎలిసేయో గొంతు ఒక్కో పేరూ పిలుస్తోంది, జనం బదులిస్తున్నారు. పంతొమ్మిది పేర్లూ అయిపోయాయి. పిలుపు మాత్రం ఆగలేదు, కొత్త గొంతులు అందుకున్నాయి.

"వీళ్లెవరే? మనూళ్లో ఈ పేర్లవాళ్లు లేరే," అంది హెర్లిందా.

ఒబ్దూలియా చెవి ఒగ్గింది. పేర్ల వెంట ఊళ్ల పేర్లు కూడా పిలుస్తున్నారు. కొండకింది ఊళ్లు, వాగవతలి ఊళ్లు. తాళం పడ్డ బోర్లున్న ఊళ్లు.

"వాళ్ల పుస్తకాలు కూడా చింపారన్నమాట," అంది.

కిటికీ గట్టుమీద గ్లాసులో నీళ్లు వేలెడు తగ్గాయి. దాన్నెవరూ ముట్టుకోలేదు. వారంలో మొదటిసారి దగ్గు వినపడలేదు. ఒబ్దూలియా ఊచల దగ్గరికి వెళ్లి కాపలా పిల్లని కేకేసింది.

"అమ్మాయ్, ఇంకో పద్దెనిమిది గ్లాసుల నీళ్లు తే."