చెవి గాటు

మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఐదుగురు మగవాళ్లకు గనేరియా అనే సుఖవ్యాధి సోకింది. అంటించింది కోదాడ హైవే మీద టిఫిన్ బండి నడిపే ఎస్తేరేనని అందరూ ఒకటే మాట చెప్పారు. ఆమె బండిని రోడ్డు కిందికి తోసేశారు కూడా. సూర్యాపేట ల్యాబులో ఆ ఆరుగురి శాంపిళ్లూ పరీక్షించింది నేనే.

శాంపిల్ ఇచ్చిన రోజు ఎస్తేరు నాతో ఒక్కటే అంది. "ఏది తేలితే అదే రాయండి మేడమ్. నా మీద జాలి వద్దు."

రిపోర్టు రోజు మా సూపర్‌వైజర్ సత్యానందం వచ్చాడు. "రోగం ఆమెకూ ఉన్నది కదా. ఆమెతోనే వచ్చిందని రాసెయ్ యశోదా."

"రాయను సార్. క్రిముల జన్యువులు చూసిన. ఐదుగురిదీ ఒక్కటే రకం. ఆమెది వేరే."

"క్రిమి క్రిమే కదమ్మా. అండ్ల రకాలేంది?"

మాది వేములపల్లిలో గొర్లు కాసే ఇల్లు. రెండు మందలు కలిసిపోతే మా నాయన రంగు చూడడు, చెవి పట్టుకుంటాడు. గుర్తు కోసం చెవికి ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో తీరు గాటు పెడతారు.

"గొర్లన్నీ ఒక్కతీరుగనే కనబడతయి సార్. చెవి సూస్తెనే ఎవరి మందో తెలుస్తది. నేను చూసింది గసుంటి గాటే."

ఆయన గొంతు తగ్గించాడు. "మిల్లు ఓనరు పెద్దమనిషి. ఆమె తరఫున అడిగేటోళ్లు ఎవరున్నరు?"

"నేనున్న."

సంతకం పెట్టి రిపోర్టు ఆయన ముందుకు జరిపాను.

"మరి వాళ్లకు యాడ అంటినట్టు?"

"ఆ మంద యాడ మేసిందో వాళ్లనే అడుగుండ్రి సార్."