ఎప్పుడూ మోసం చేయని ట్రక్కు

నెస్టర్ హవ్రిలుక్ ఇంటి బయటి గోడకు కరెంటు ప్లగ్గు ఒక్కటే ఉంది. వాకిట్లో బండ్లు మాత్రం రెండు. రాత్రంతా ఇంజన్ను వెచ్చగా ఉంచే తీగను ఏ బండికి తగిలిస్తే తెల్లారి ఆ బండి కదులుతుంది. రెండోదాని మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ బుధవారం సాయంత్రం రేడియోలో మైనస్ ముప్ఫై ఎనిమిది డిగ్రీలన్నారు. నెస్టర్ బయటికి వెళ్ళి, రెండో ఆలోచన లేకుండా తన 1964 నాటి ఆకుపచ్చ ట్రక్కుకే తీగ తగిలించి వచ్చాడు. కూతురు డార్లీన్ అక్టోబరులో కొనిచ్చిన కొత్త కారు పక్కనే చలికి బిగుసుకుపోతూ నిలబడింది.

"తీగ దేనికి పెట్టావు?" అని అడిగింది భార్య పెర్ల్, సోఫాలో దిండ్లకు ఆనుకుని.

"కదిలేదానికి పెట్టాను."

"కారుకు పెట్టమని డార్లీన్ చెప్పింది కదా."

"డార్లీన్ ఎక్కడో రెజైనా సిటీలో ఉంది. రేపు నిన్ను తీసుకెళ్ళాల్సింది నేను."

పెర్ల్ మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్ళయింది. మంగళ, గురు, శనివారాల్లో ఎనభై కిలోమీటర్లు పోయి యార్క్‌టన్‌ ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఈ మంగళవారం మంచుతుఫానుకు రోడ్లు మూసేయడంతో వెళ్ళలేకపోయారు. అప్పటికే ఆమె కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. గురువారం పదింటికల్లా ఏమైనా సరే తీసుకురావాలని నర్సు రెండుసార్లు ఫోన్ చేసింది. నెస్టర్ ఆ మాట విని రాత్రి సరిగా నిద్రపోలేదు. అయినా తీగ మార్చాలని మాత్రం అతనికి తోచలేదు. మొండితనం అంటే అదే మరి.

ఊళ్ళో సహకార దుకాణం కాఫీ బల్ల దగ్గర చలికాలమంతా ఒకటే వాదన: పాత బండి నయమా, కొత్త బండి నయమా. లాయిడ్ పాస్టర్నాక్ కొత్త ట్రక్కు, లోపల గోరంత పరికరం ఏదో చెడిపోయి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. దాన్ని వేరే బండి మీదికెక్కించి పట్నం చేర్చి, తొమ్మిది రోజులు షెడ్డులో పెట్టారు. ఆ ఒక్క ముక్కతో నెస్టర్ మూడు నెలలు పండగ చేసుకున్నాడు.

"నా బండి ఎప్పుడైనా మోసం చేసిందా? చెప్పండి చూద్దాం," అనేవాడు.

"నీ బండికి మోసం చేసేంత తెలివెక్కడిది నెస్టర్," అనేవాడు లాయిడ్.

నిజానికి ఆ ట్రక్కు ఆగని చలికాలం లేదు. ఆగినప్పుడల్లా నెస్టర్ దిగి, మూత ఎత్తి, పది నిమిషాల్లో కదిలించి, ఆ సంగతే మరిచిపోయేవాడు. కొత్త కార్లు ఆగేది తక్కువే, కానీ ఒకసారి ఆగితే ఎవరి మాటా వినవు. పాతవి మాటిమాటికీ ఆగుతాయి, చెయ్యి తెలిసినవాడు చెబితే వింటాయి. ఈ తేడా కాఫీ బల్ల దగ్గర ఎవరూ ఎత్తలేదు, నెస్టర్ అసలే ఎత్తలేదు. సెప్టెంబరు నుంచి అతని వేళ్ళు వణుకుతున్నాయి. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, చలికి అలా పట్టుకోవడం అలవాటైపోయిందని చెప్పేవాడు. డాక్టరుకు చెప్పలేదు, డార్లీన్‌కు అసలే చెప్పలేదు. పెర్ల్‌కు తెలుసు. పొద్దున్నే అతని చొక్కా గుండీలు తనే పెడుతూ ఏమీ అడిగేది కాదు.

గురువారం పొద్దున పెర్ల్ పట్టుబడితే, నెస్టర్ ముందు కారు మీట నొక్కి చూశాడు. ఒక్కసారి టిక్కుమని ఊరుకుంది. "చూశావా నీ కూతురి కారు," అన్నాడు. ట్రక్కు మాత్రం రెండు దగ్గులు దగ్గి, అందుకుంది. అంత అవస్థలోనూ అతని ముఖం వెలిగిపోవడం చూసి పెర్ల్‌కు నవ్వొచ్చింది.

ముప్ఫై ఐదు కిలోమీటర్లు బాగానే వెళ్ళారు. తర్వాత ఓ పల్లంలో ఇంజను మొరాయించి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. అక్కడ ఫోను అందదు. ముందూ వెనకా తెల్లటి పొలాలే, ఒక్క బండి లేదు. టైము తొమ్మిదయింది.

"పాయింట్లు," అన్నాడు నెస్టర్ ధీమాగా. "అరిగి దగ్గరకొచ్చుంటాయి. ఐదు నిమిషాలు."

నిప్పురవ్వ పుట్టించే ఆ రెండు చిన్న ముక్కల మధ్య సరైన సందు పెట్టి, పురుగంత మరమేకు బిగించాలి. చేతి తొడుగులతో కాని పని. తొడుగులు తీశాడు. ఆ చలిలో ఇనుము తాకితే చర్మం అంటుకుంటుంది. మర వదులు చేశాడు, అది వేళ్ళలోంచి జారి మంచులో పడింది. డబ్బాలోంచి ఇంకోటి తీశాడు. అదీ జారింది. మూడోది అరచేతిలో పెట్టుకుని, వేళ్ళను తిట్టాడు, బతిమాలాడు. అవి అతని మాట వినలేదు. జీవితంలో మొదటిసారి నెస్టర్‌కు తన బండి దగ్గర భయమేసింది. లోపల పెర్ల్ దుప్పటి కప్పుకుని, కష్టంగా ఊపిరి తీసుకుంటూ, అద్దం మీద పేరుకున్న మంచును గోటితో గీకి అతన్నే చూస్తోంది.

తలుపు తెరుచుకుంది.

"లోపల కూర్చో," అని కసిరాడు. "చస్తావు."

"లోపల కూర్చున్నా చస్తాను. జరుగు."

"నీకేం తెలుసని?"

"యాభై రెండేళ్ళు నీకు టార్చిలైటు పట్టాను నెస్టర్. కళ్ళు మూసుకుని పట్టాననుకున్నావా?"

అతను జరిగాడు. ఆమె బంపరుకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని, అరచేయి చాచింది. మూడో మర ఆ చేతిలో వేశాడు. సందు కొలవడానికి రేకు వెతకబోతుంటే, పెర్ల్ కోటు జేబులోంచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన అట్టముక్క తీసింది. దాని మీద ఆ రోజు తేదీ, పది గంటలు అని రాసి ఉంది. అది పాయింట్ల మధ్య దూర్చింది.

"ఎక్కువ బిగించకు," అన్నాడు.

"తెలుసు."

"అట్ట జారిందో లేదో చూసుకో. పట్టీపట్టనట్టు జారాలి."

"జారింది. నువ్వు నోరు మూసుకుని వెళ్ళి తాళం తిప్పు."

తాళం తిప్పడం మాత్రం అతని చేతులకు చేతనయింది. మూడోసారికి ఇంజను అందుకుంది. పెర్ల్ వేళ్ళ కొసలు తెల్లబడి, పెదాలు నీలిరంగుకు తిరిగాయి. మిగతా దారంతా నెస్టర్ రెండు నిమిషాలకోసారి ఆమె ఛాతీ కదులుతోందా అని పక్కకు చూశాడు.

పదీ నలభైకి చేరారు. నర్సు వాళ్ళను చూసి ఒక్క ప్రశ్న వేయకుండా పెర్ల్‌ను చక్రాల కుర్చీలో తీసుకుపోయింది. గంట తర్వాత యంత్రం నడుస్తుంటే ఆమె ఊపిరి తేలికైంది, ముఖంలోకి రంగు వచ్చింది. నెస్టర్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడు అతని జేబులో ఫోను మోగింది. డార్లీన్.

"నాన్నా, ఎన్నిసార్లు చేశానో. చేరారా? దేంట్లో వెళ్ళారు?"

"ట్రక్కులో."

"దారిలో ఏం ఇబ్బంది కాలేదు కదా?"

పెర్ల్ కళ్ళు మూసుకుని ఉంది, కానీ నిద్రపోవడం లేదని అతనికి తెలుసు. లేదమ్మా, నా బండి ఎప్పుడైనా మోసం చేసిందా అంటే సరిపోతుంది. ఎన్నేళ్ళుగానో చెబుతున్న మాటే అది, నోటి దాకా వచ్చింది కూడా.

"ఆగింది," అన్నాడు. "నేను బాగుచేయలేకపోయాను. మీ అమ్మ చేసింది."

"అమ్మ చేయడమేంటి నాన్నా?" అంది డార్లీన్. "నీ చేతులకేమైంది?"

"వణుకుతున్నాయి. సెప్టెంబరు నుంచి. నువ్వు రేపు రా. వచ్చి ఆ కారులో మీటలేంటో నాకు చూపించు, శనివారం దాంట్లో తీసుకొస్తాను. అలాగే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్దువుగాని."

"ఇప్పుడే బయలుదేరుతున్నా," అంది డార్లీన్.

ఫోను పెట్టేశాక పెర్ల్ కళ్ళు తెరిచింది. "బండి ఆగిందని నీ నోటితో చెప్పడం ఇదే మొదటిసారి."

"బండికేం, చాలాసార్లు ఆగింది," అన్నాడు నెస్టర్. "నేను ఆగడమే మొదటిసారి."

పెర్ల్ సూదులు లేని చెయ్యి చాచి, వణుకుతున్న అతని వేళ్ళను దుప్పటి కిందికి లాక్కుంది.